సర్వర్ గదిలోనూ కెరీర్ ఉంది

ఈసీఈ, ఈఈఈలో బీటెక్ పూర్తి చేసినవాళ్ళు, పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చినవాళ్ళు ఉద్యోగం అనగానే ముందు వెతికేది కోడింగ్ కోర్సే. ఆ కోడ్ నడవాలంటే సర్వర్‌ని ఎంపిక చేసేవాళ్ళు, ర్యాక్‌లో బిగించేవాళ్ళు, అర్ధరాత్రి డిస్కు పోతే మార్చేవాళ్ళు కావాలి. ఈ మాట మన కాలేజీల్లో పెద్దగా వినపడదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ ప్రారంభించింది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్‌లో డేటా సెంటర్ రీజియన్ ప్రకటించింది. విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో చెప్పింది. అయితే ఈ పని పెద్ద కంపెనీల దగ్గరే ఉందనుకోవద్దు. ఆసుపత్రులకు, బ్యాంకులకు, మధ్యతరహా వ్యాపారాలకు సర్వర్లు అమర్చిపెట్టే సిస్టమ్ ఇంటిగ్రేటర్ సంస్థలున్నాయి. ఫ్రెషర్‌కి పని బాగా నేర్పేది అవేనని నా అభిప్రాయం. అక్కడ ఒకే మనిషి కొటేషన్ నుంచి కేబుల్ దాకా అన్నీ చూడాల్సి వస్తుంది.

ఈ రంగంలో మనిషిని నిలబెట్టేది ఒక లెక్క. ఇవాళ ఎంత కొనాలి, వ్యాపారం పెరిగాక ఎక్కడ జోడించాలి అన్నది ముందే చెప్పగలగాలి.

ఉదాహరణకు విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉందనుకుందాం. రోజుకు 40 సీటీ స్కాన్లు తీస్తారు. ఒక్కోదానికి 500 ఎంబీ చొప్పున రోజుకు 20 జీబీ, 300 పనిదినాలకు 6 టీబీ. 12 డిస్కులు పట్టే సర్వర్ కొని, మొదట 8 టీబీ డిస్కులు ఆరే పెట్టారు. డిస్కు పాడైనా డేటా పోకుండా చూసే రెయిడ్ 6లో రెండు డిస్కుల చోటు రక్షణకే పోతుంది కాబట్టి వాడుకోడానికి మిగిలేది 32 టీబీ. అయిదేళ్ళు ఢోకా లేదని యజమాని అనుకుంటారు. రెండో ఏడు గుంటూరు, ఏలూరు, మచిలీపట్నంలో అంతే పెద్ద బ్రాంచీలు తెరిచి, ఆ చిత్రాలూ ఇక్కడికే పంపితే ఏడాదికి 24 టీబీ అవుతుంది. మొదటి ఏడాది 6 టీబీ పోగా మిగిలిన 26 టీబీ పదమూడు నెలల్లో నిండిపోతుంది.

అప్పుడు అక్కరకొచ్చేవి ఖాళీగా ఉంచిన ఆ ఆరు డిస్కు బేలే. మరో ఆరు డిస్కులు పెట్టి అదే గ్రూపులో కలిపితే మొత్తం 80 టీబీ. అదీ చాలకపోతే బయట మరో డిస్కుల పెట్టె తగిలించాలి. దానికి బయటి పోర్టున్న కంట్రోలర్ కార్డు కావాలి. కార్డుకి పీసీఐఈ స్లాట్ ఖాళీగా ఉండాలి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. రెండు ప్రాసెసర్లు పట్టే సర్వర్‌లో ఖర్చు తగ్గించుకుందామని ఒకటే కొంటారు. మూత తీసి చూస్తే ర్యామ్ స్లాట్లు బోలెడు ఖాళీగా కనిపిస్తాయి. కానీ వాటిలో సగం రెండో ప్రాసెసర్‌కి కలిపినవి, కొన్ని పీసీఐఈ స్లాట్లూ అంతే. రెండో ప్రాసెసర్ వచ్చేదాకా అవి పనిచేయవు. తర్వాత కొనేది కూడా మొదటిదాని మోడలే అయి ఉండాలి, నాలుగేళ్ళ తర్వాత ఆ మోడల్ దొరకడం కష్టం. కొనేముందే ఈ సంగతి చెప్పగలిగిన ఇంజినీరు మాటకి కస్టమర్ దగ్గర విలువ ఉంటుంది.

పవర్ సప్లై లెక్కా ఇలాంటిదే. ఒక్కోటి 800 వాట్ల చొప్పున రెండున్నాయనుకుందాం. డిస్కులు, ర్యామ్ చేర్చుకుంటూ పోయేసరికి సర్వర్ 900 వాట్లు లాగుతోంది. రెండూ బాగున్నన్నాళ్ళూ ఏ తేడా తెలియదు. ఒకటి పోయిన రోజున రెండోది ఆ భారం మోయలేదు. సర్వర్ వేగమన్నా తగ్గించుకోవాలి, లేకపోతే ఆగిపోవాలి. ఏదైనా కొత్తగా చేర్చిన ప్రతిసారీ ఒక్క పవర్ సప్లై మీద బండి నడుస్తుందా అని చూసుకోవాలి.

ఛాసిస్ అనే ఒకే పెట్టెలో పక్కపక్కన అమర్చే బ్లేడ్ సర్వర్ల గురించి ఇంటర్వ్యూల్లో అడుగుతారు. హెచ్‌పీ సీ7000 ఛాసిస్ ఎత్తు 10యూ, అంటే పదిహేడున్నర అంగుళాలు. అందులో సగం ఎత్తు బ్లేడ్లు 16 పడతాయి. కరెంటు, ఫ్యాన్లు, నెట్‌వర్క్ అన్నిటికీ ఉమ్మడి. రెండు బ్లేడ్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. కానీ ఛాసిస్ ఖర్చు మొదటిరోజే పెట్టాలి, ఆ తర్వాత బ్లేడ్లూ ఆ కంపెనీవే కొనాలి. మూడు నాలుగు సర్వర్లతో సరిపోయే వ్యాపారానికి నేనైతే వీటిని సిఫారసు చేయను.

చేతిపనిలో మొదట అప్పగించేది డిస్కు మార్పు. నారింజరంగు లైటు వెలిగింది కదా అని వెంటనే లాగకూడదు. ముందు సర్వర్‌ని దూరం నుంచి చూసుకునే ఐడ్రాక్ (డెల్)లోనో, ఐఎల్‌ఓ (హెచ్‌పీఈ)లోనో ఏ స్లాట్ పోయిందో చూడాలి, సీరియల్ నంబరు రాసుకోవాలి, అక్కడినుంచే ఆ స్లాట్ లైటు మినుకుమనేలా చేసి ర్యాక్ దగ్గరికి వెళ్ళాలి. గొళ్ళెం తీసి డిస్కుని కొంచెం బయటికి లాగి, తిరగడం ఆగేదాకా పట్టుకుని ఉండాలి. కొత్త డిస్కు అదే రకం, కనీసం అంతే సైజు ఉండాలి. కొత్త డిస్కులోకి డేటా మళ్ళీ చేరే రీబిల్డ్ పూర్తయ్యేదాకా టికెట్ మూసేయకండి. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయాక తొందరలో పక్కనున్న మంచి డిస్కు లాగితే మొత్తం వాల్యూమ్ పడిపోతుంది. ఇంకోమాట, రెయిడ్ ఉందని బ్యాకప్ మానకూడదు. పొరపాటున తుడిచేసిన ఫైలుని, రాన్సమ్‌వేర్ పాడుచేసిన డేటాని రెయిడ్ తిరిగివ్వదు.

ఇదంతా నేర్చుకోడానికి సర్వర్ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, లైనక్స్ ఎక్కించి, నాలుగు వర్చువల్ డిస్కులు చేర్చండి. ఎండీఏడీఎం అనే లైనక్స్ టూల్‌తో రెయిడ్ 5 కట్టండి. కావాలనే ఒక డిస్కుని ఫెయిల్ చేసి, తీసేసి, కొత్తది చేర్చండి. రీబిల్డ్ శాతం పెరుగుతుంటే తెరమీదే చూడవచ్చు. డెల్, హెచ్‌పీఈ సర్వర్ల సర్వీస్ మాన్యువల్స్ ఆ కంపెనీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒక మోడల్‌ది తీసుకుని ర్యామ్ ఏ వరసలో పెట్టాలో చెప్పే అధ్యాయం పూర్తిగా చదవండి. అసలు యంత్రాన్ని విప్పి చూడాలనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత సర్వర్ల కోసం అడిగి చూడండి. కొంటే టవర్ మోడలే కొనండి, 1యూ సర్వర్ ఫ్యాన్ల మోత ఇంట్లో భరించలేరు.

సర్టిఫికెట్లలో కాంప్‌టియా సర్వర్ ప్లస్ ఉంది, సీసీఎన్ఏ ఉంది. డబ్బు ఒక్కదానికే ఉంటే రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ రాయండి, లైనక్స్ ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది. మొదటి ఉద్యోగం డేటా సెంటర్ టెక్నీషియన్‌గానో, ఫీల్డ్ ఇంజినీరుగానో ఉంటుంది. రాత్రి షిఫ్టులు తప్పవు. పైన చెప్పిన లెక్కలు పట్టుబడ్డాక ప్రీ-సేల్స్ ఇంజినీరుగా, ఆపైన సొల్యూషన్ ఆర్కిటెక్టుగా ఎదగడానికి దారి ఉంది. ఫైనలియర్‌లో ఉన్నవాళ్ళు ఈ సెలవుల్లోనే ఆ నాలుగు వర్చువల్ డిస్కులతో మొదలుపెట్టండి. చేసిన ప్రతి పనీ తేదీతో, స్క్రీన్‌షాట్‌తో ఒక ఫైలులో రాసి పెట్టుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్ళండి.