రేగుపండ్లయందలి పురుగు: నివారణోపాయములు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతులకు

1967లో సాగరు ఎడమకాలువకు నీరు వదలినది మొదలు ఈ ప్రాంతమున వరి ప్రబలినది. అయినను కాలువనీరు ఎక్కని చెలకలందు కొద్దినీటితోఁ బండు రేగు ఉపేక్షింపఁదగినది కాదు. దీనికి ముఖ్యశత్రువు పండులో గింజచుట్టును మెదలు తెల్లని సన్నపురుగు. గంపలో నాలుగుపండ్లు పుచ్చియున్నచో బేరగాఁడు గంపనంతను తక్కువ ధరకే అడుగును.

ఈ పురుగు పండునందుఁ దనంతటఁ బుట్టునని పలువురు తలంతురు. అది సరికాదు. ఇది ఒక యీఁగపిల్ల. ఇంటియీఁగకంటెఁ జిన్నదై, ఱెక్కలపైఁ జారలు గల యీ యీఁగను శాస్త్రజ్ఞులు కార్పొమియా వెసువియానా యందురు. కాయ బఠానీగింజంత కాఁగానే తల్లియీఁగ తోలును బొడిచి గ్రుడ్డు పెట్టును. రెండుమూఁడు దినములలో గ్రుడ్డు పగులును. పురుగు గుజ్జును దిని పెరిగి, తోలునకు రంధ్రము చేసికొని నేలఁబడి, మట్టిలోఁ గొన్ని యంగుళముల లోఁతున గింజవంటి గూఁడుగా మాఱును. కాయలు లేని కాలమున సైతము కొన్ని గూళ్లు అచ్చటనే దాఁగియుండి మఱుసటి పంటకు ఈఁగలై వెడలును.

కావున మొదట బాగుచేయవలసినది చెట్టుక్రింది నేల. కోఁత ముగిసిన పిమ్మట వేసవిలో పాదులను లోఁతుగాఁ ద్రవ్వి మట్టిని తిరుగవేసినచో గూళ్లు ఎండకును పక్షులకును బలియగును. రాలిన పండ్లను ప్రతిదినము ఏఱి రెండడుగుల గోతిలోఁ బూడ్చవలెను. కొందఱు వీనిని పెంటదిబ్బపైఁ బోయుదురు. అది పురుగునకు నీడయు మెత్తని మట్టియు నిచ్చి పెంచుటయే యగును. గట్లపైని అడవిరేగుపొదలు ఈ యీఁగకుఁ బుట్టినిల్లు. ఒక్కఁడు కొట్టివేసి ప్రక్కచెలకవాఁడు మానినచో ఫలము స్వల్పము.

మామిడితోటలందు వ్రేలాడఁగట్టు మిథైల్ యూజినాల్ బుట్టలకు ఈ యీఁగ రాదు. వానిపై సొమ్ము వెచ్చింపవలదు. మందు చల్లవలసివచ్చినచో పిందెకాలముననే చల్లవలెను. పురుగు లోపలఁ జొచ్చిన పిదపఁ జల్లిన మందు దానికిఁ దగులుట యరుదు, తినువారికే తగులును. ఏ మందో, చల్లిన యెన్నిదినములకుఁ గోయవచ్చునో ఉద్యానశాఖాధికారి నడిగి చేయుఁడు.

పండు మాఁగి రాలువఱకు నుంచక, పసుపువన్నె తిరుగఁగానే కోసి, పుచ్చువానిని వేఱుచేసి గంపకెత్తవలెను. ఇంట వాడుకొనువారు ఉప్పునీట నానవేసినను గింజయొద్ది పురుగు వెడలదు. వడియములకు దంచునప్పుడైనను పండును చీల్చి చూచుట మేలు. తెలియక ఒక పురుగు కడుపులోనికిఁ బోయినను ఆరోగ్యవంతునకు సాధారణముగా హాని కలుగదు.