పెన్ డ్రైవుతో మేలుకొన్న కంప్యూటరు

గ్రామ సంఘం ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. ఆటోలోంచి రెండు అట్టపెట్టెలు దించారు. సంఘం సభ్యులంతా చుట్టూ చేరారు.

పాత కంప్యూటరు చెడిపోయి నెల దాటింది. అందులో 14 పొదుపు సంఘాల లెక్కలు ఉన్నాయి. ఎవరు ఎంత పొదుపు చేశారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్ని వాయిదాలు కట్టారు - ఇదంతా తొమ్మిదేళ్ల లెక్క. పుస్తకాల్లో చూద్దామంటే పాత పుస్తకాలు వానకు తడిసి చెదలు పట్టాయి.

రిపేరు షాపు అతను పాత డబ్బా విప్పి చూశాడు. "బోర్డు కాలిపోయిందమ్మా. లెక్కలున్న డిస్కు మాత్రం బాగానే ఉంది" అన్నాడు. ఆ లెక్కలన్నీ ఇంకో చిన్న పెట్టెలోకి ఎక్కించి ఇచ్చాడు. అది అరచేతిలో పట్టేంత ఉంది. దాన్ని బయటి హార్డ్ డిస్క్ అంటారు. కంప్యూటరుకు వైరుతో తగిలించుకోవచ్చు. పని కాగానే తీసేయవచ్చు.

సంఘం అధ్యక్షురాలిని ఊళ్లో అందరూ పెద్దమ్మ అంటారు. ఆమె రాత్రి బడిలో అక్షరాలు నేర్చింది. ఆ చిన్న పెట్టెను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.

డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె సాయానికి వచ్చింది. తెర, డబ్బా, కీబోర్డు, మౌసు బల్ల మీద పెట్టింది. వైర్లు తగిలించింది. లెక్కలు రాసే అక్క స్విచ్ నొక్కింది. డబ్బాలో ఫ్యాను తిరిగింది. తెర మీద మాత్రం నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి ఆగిపోయాయి.

"ఏందమ్మా ఇది? కొత్తది కూడా చెడిపోయిందా?" అంది లెక్కలక్క.

"చెడిపోలేదు అక్కా. బూటు చేయడానికి ఏమీ దొరకలేదని చెబుతోంది."

"బూటా? కాలికి వేసుకునేదా?" అందరూ నవ్వారు.

నిజానికి ఆ మాట కాలి బూటు నుంచే వచ్చింది. పొడుగు బూటుకు వెనక పట్టీ ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా తన బూటు పట్టీ పట్టుకుని తానే పైకి లేవడం అని ఇంగ్లీషులో ఒక సామెత ఉంది. కంప్యూటరు కూడా తనంతట తాను లేవాలి. అందుకే ఆ పేరు పెట్టారు.

కంప్యూటరు ఎలా లేస్తుంది?

ప్రతి ఇంట్లో పొద్దున్నే ముందు లేచే మనిషి ఒకరుంటారు. ఆమె లేచి పొయ్యి అంటిస్తుంది. తర్వాత మిగతావాళ్లను లేపుతుంది. కంప్యూటరులో కూడా అలాంటి చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అది డబ్బాలోని మదర్ బోర్డు మీద, ఒక చిప్పులో ఉంటుంది. కరెంటు రాగానే ముందు అదే లేస్తుంది. కీబోర్డు ఉందా, మెమరీ ఉందా అని చూసుకుంటుంది. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెతుకుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరును నడిపే పెద్ద ప్రోగ్రాం. తెర మీద బొమ్మలు చూపేది అదే. టైపు చేసింది దాచేది అదే. మామూలుగా అది డబ్బా లోపలి డిస్కులో ఉంటుంది. సంఘం కొన్న డబ్బాలో డిస్కు ఖాళీగా ఉంది. అది లేకుండా కొంటే ధర తగ్గుతుందని అలా కొన్నారు.

లోపల లేకపోతే బయట నుంచి తగిలించవచ్చు. ఆ అమ్మాయి తన సంచిలోంచి పెన్ డ్రైవ్ తీసింది. అందులో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. డెబియన్ పని 1993లో మొదలైంది. దాని నడుమ ఉండే లినక్స్ అనే భాగాన్ని ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో దేశాల వాళ్లు చేయి వేసి పెంచారు. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. కాపీ తీసి ఇంకొకరికి ఇచ్చినా తప్పు లేదు.

"ఆ ఫైలును పెన్ డ్రైవులో వేసుకుంటే చాలా?" అని అడిగింది లెక్కలక్క.

"ఉత్తినే కాపీ చేస్తే లేవదు అక్కా. దానికోసం వేరే ప్రోగ్రాం ఉంటుంది. దాంతో రాయాలి. అలా రాసేటప్పుడు పెన్ డ్రైవులో ముందున్నవన్నీ పోతాయి. ఫోటోలున్న పెన్ డ్రైవ్ వాడకూడదు."

ముందు చూడడం

అమ్మాయి పెన్ డ్రైవును డబ్బాకు గుచ్చింది. స్విచ్ వేసి వెంటనే కీబోర్డు మీద ఎఫ్ 12 అనే మీటను టకటకా నొక్కింది. ఈ మీట అన్ని కంప్యూటర్లకూ ఒకటి కాదు. కొన్నిటికి ఎఫ్ 9, కొన్నిటికి ఎఫ్ 8, కొన్నిటికి ఎఫ్ 11. దేని నుంచి లేవాలి అని కంప్యూటరు అడిగింది. అమ్మాయి పెన్ డ్రైవును ఎంచింది. కాసేపటికి తెర వెలిగింది.

ఇప్పుడు కంప్యూటరు పెన్ డ్రైవుతోనే నడుస్తోంది. లోపలి డిస్కును ఇంకా ముట్టుకోలేదు. ఇలా ముందు నడిపి చూడడం మంచిది. కీబోర్డు, మౌసు, శబ్దం పనిచేస్తున్నాయో లేదో తెలుస్తుంది. కానీ ఇప్పుడు టైపు చేసింది కంప్యూటరు ఆపగానే పోతుంది. ఇది చూసుకోవడానికే, దాచుకోవడానికి కాదు.

లెక్కలక్కకు ఆత్రం ఆగలేదు. "మన లెక్కలు కనిపిస్తాయా?" అంది. పెద్దమ్మ బీరువా తెరిచి బయటి హార్డ్ డిస్క్ తెచ్చింది. తగిలించారు. సంఘాల పేర్లు వరుసగా కనిపించాయి. అందరి గుండె కుదుటపడింది.

తర్వాత డెబియన్‌ను లోపలి డిస్కులోకి ఎక్కించడానికి కంప్యూటరును ఆపి మళ్లీ వేశారు. ఆ సంబరంలో బయటి హార్డ్ డిస్క్ తీయడం మరిచారు.

గీత దాటే ముందు

ఏ భాష కావాలని కంప్యూటరు అడిగింది. జాబితాలో తెలుగు ఉంది. తెలుగే ఎంచారు. చివరికి ఏ డిస్కులో ఎక్కించాలి అని అడిగింది. అక్కడ రెండు వరుసలు ఉన్నాయి. ఒకదానిలో 1.0 టి.బి. అని, ఇంకోదానిలో 256 జి.బి. అని ఉంది. అమ్మాయి తొందరలో మొదటి వరుసను ఎంచబోయింది.

"ఆగు పిల్లా!" అంది పెద్దమ్మ. కళ్లజోడు సర్దుకుంది. చేతిలో కంప్యూటరు బిల్లు ఉంది. "బిల్లులో డిస్కు 256 అని రాశారు. నువ్వు పెట్టింది 256 మీద కాదే? ఆ ఇంకోటి ఏంది?"

అమ్మాయి చేయి ఆగింది. జి.బి., టి.బి. అనేవి డిస్కులో ఎంత పడుతుందో చెప్పే కొలతలు. గ్రాములకు కిలో ఎలాగో జి.బి.కి టి.బి. అలాగ. 1 టి.బి. అంటే 1000 జి.బి. ఆ డిస్కు తొమ్మిదేళ్ల లెక్కలున్న బయటి పెట్టె!

"దీన్ని ఎంచితే ఏమవుతుంది?" అంది లెక్కలక్క.

"డిస్కు మొత్తం వాడుకోమని చెబితే అందులో ఉన్నదంతా చెరిపేస్తుంది. రాసే ముందు ఇంకోసారి అడుగుతుంది. చదవకుండా సరే అంటే అంతే అక్కా."

అమ్మాయి కంప్యూటరు ఆపేసింది. బయటి హార్డ్ డిస్క్ ఊడదీసింది. పెద్దమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి జాబితాలో 1.0 టి.బి. వరుస లేదు. 256 ఎంచారు. చివరి ప్రశ్నను పెద్దమ్మ కూడబలుక్కుంటూ బయటికి చదివింది. అందరూ విన్నారు. అప్పుడు అవును అని నొక్కారు.

పని పూర్తయ్యాక పెన్ డ్రైవ్ తీసేశారు. కంప్యూటరు తనంతట తానే లేచింది. లెక్కలు లోపలికి కాపీ చేశారు. బయటి పెట్టెలోవి అలాగే ఉంచారు. పెన్ డ్రైవును పారేయలేదు. ఎప్పుడైనా కంప్యూటరు లేవకపోతే దానితో లేపవచ్చు. లోపలి డిస్కు బాగుంటే లెక్కలు బయటికి తీసుకోవచ్చు. అది ఇంటికి రెండో తాళంచెవి లాంటిది.

గుర్తు పెట్టుకోండి

1. లెక్కలున్న డిస్కును, పెన్ డ్రైవును తీసేసిన తర్వాతే కొత్త సిస్టమ్ ఎక్కించాలి.

2. చెరిపేస్తాం అని కంప్యూటరు అడిగితే ఇద్దరు కలిసి బయటికి చదవాలి. ఎంత అనే అంకెను బిల్లుతో సరిచూడాలి.

3. లెక్కలు ఒక్కచోటే ఉంచకూడదు. కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఇంకొకరి ఇంట్లో మరొకటి ఉండాలి. పుస్తకం రాయడం మానకూడదు.

4. పాస్‌వర్డు ఒక్కరికే తెలిస్తే ఆమె ఊళ్లో లేనప్పుడు పని ఆగుతుంది. సంఘం తీర్మానం చేసి ఇద్దరికి చెప్పాలి. గోడ మీద రాయకూడదు.

5. కొన్ని ప్రోగ్రాములు వేరే సిస్టమ్ మీదే నడుస్తాయి. బ్యాంకు పనికి, ఆఫీసు పనికి ఏది కావాలో కొనకముందే అడగాలి.

మాట్లాడుకోండి

కంప్యూటరు కొత్తదైనా ఎందుకు లేవలేదు?

పెద్దమ్మకు కంప్యూటరు రాదు. అయినా లెక్కలు ఎలా కాపాడింది?

మీ సంఘం లెక్కలు ఎన్నిచోట్ల ఉన్నాయి? ఎవరెవరి దగ్గర ఉన్నాయి? వచ్చే సమావేశంలో అడిగి రాసుకోండి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఏదైనా బిల్లు తీయండి. ఫోనుదైనా సరే, మిక్సీదైనా సరే. అందులో ఉన్న అంకెలు చదవండి. ఏ అంకె దేన్ని చెబుతుందో పక్కన రాయండి.