చిప్ కొలువులకు కెమిస్ట్రీ దారి

బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, యాంటిమొని, టెల్లూరియం. పదో తరగతిలో ఒక మార్కు కోసం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయే పేర్లివి. లోహాల్లో పూర్తిగా కలవని, అలోహాల్లోనూ ఇమడని ఈ అర్ధలోహాల చుట్టూ ఇప్పుడు మంచి ఉద్యోగాలున్నాయి.

ఇళ్లలో ఇవి లేని చోటు లేదు. క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడర్ బోరిక్ యాసిడ్. ఇన్వర్టర్ బ్యాటరీలో సీసానికి గట్టిదనమిచ్చేది యాంటిమొని. విషంగా పేరుమోసిన ఆర్సెనిక్ గాలియంతో కలిస్తే రాడార్లకు, ఫోన్లకు పనికొచ్చే చిప్ అవుతుంది. అలాంటి చిప్‌లు చేసే గేటెక్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

అసలు కథ సిలికాన్‌ది. 99.9999999 శాతం శుద్ధమైన సిలికాన్‌ను 1,414 డిగ్రీల దగ్గర కరిగించి, అందులో చిన్న స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ గంటల తరబడి మెల్లగా పైకి లాగుతారు. అలా పెరిగిన కడ్డీని మిల్లీమీటరు మందం కూడా లేని బిళ్లలుగా కోస్తారు. వేఫర్లంటే అవే. శుద్ధ సిలికాన్‌లో కరెంటు అంతంతమాత్రంగానే పారుతుంది. లేశమాత్రం బోరాన్ చేరిస్తే ఒక రకంగా, ఆర్సెనిక్ చేరిస్తే మరో రకంగా పనిచేస్తుంది. ఆ లేశం ఎంతన్నది తేల్చేది కోడింగ్ కాదు, కెమిస్ట్రీ, ఫిజిక్స్.

చిప్ అనగానే హైదరాబాద్ అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి. డిజైన్ ఉద్యోగాలు నగరంలో ఉన్న మాట నిజమే, పోటీ కూడా అంతే ఉంది. తయారీ వైపు చూసేవాళ్లు తక్కువ. 2021 డిసెంబరులో కేంద్రం రూ.76,000 కోట్లతో సెమీకండక్టర్ పథకాన్ని ఆమోదించాక గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా సంస్థలు చిప్‌ల ప్యాకేజింగ్, టెస్టింగ్ యూనిట్లు చేపట్టాయి. గుజరాత్‌లోనే ధొలేరాలో టాటా ఫ్యాబ్ (వేఫర్ల మీద చిప్‌లు చేసే కర్మాగారం) తలపెట్టింది. ఇలాంటి చోట ప్రాసెస్ ఇంజినీర్లుగా మెటలర్జీ, మెటీరియల్స్, కెమికల్ బీటెక్‌లు, ఎమ్మెస్సీలు కావాలి. వాక్యూమ్ పంపులు, గ్యాస్ లైన్లు చూసుకోవడానికి డిప్లొమా, ఐటీఐ వాళ్లూ కావాలి.

సుఖమైన పనేం కాదు. ఫ్యాబ్ రాత్రీ పగలూ ఆగదు. కళ్లు తప్ప ఒళ్లంతా కప్పే సూటులో షిఫ్టంతా గడపాలి. ఊరు కదలనంటే కుదరదు. ఇంటి దగ్గరే ఉండాలనుకునేవారికి హైదరాబాద్‌లో సోలార్ సెల్స్ చేసే ప్రీమియర్ ఎనర్జీస్, అతిశుద్ధ పదార్థాలపై పరిశోధించే సీమెట్ ఉన్నాయి.

మెటలర్జీ చదువు ఎన్‌ఐటీ వరంగల్, ఆంధ్రా యూనివర్సిటీల్లో, మెటీరియల్స్ సైన్స్ ఐఐటీ హైదరాబాద్‌లో దొరుకుతాయి. గేట్‌లో మెటలర్జీకి వేరే పేపరుంది. ఎమ్మెస్సీకి ఐఐటీలకు వెళ్లాలంటే జామ్ రాయాలి. ఏ కాలేజీకైనా వెబ్ ఆప్షన్ పెట్టేముందు అక్కడి ల్యాబ్‌లో స్ఫటికాల అమరికను చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం ఉందా, ఉంటే విద్యార్థుల చేతికిస్తున్నారా అని సీనియర్లను అడగండి.