కంటి కొలత, కాటా కొలత

రాజమండ్రి,
ఏప్రిల్ 20.

చి.ల.సౌ. సుధకి,

నాన్నమ్మకి మోకాళ్ల నొప్పులు తప్ప వేరే బాధ లేదు. మే 17న గౌతమి రైల్లో బయల్దేరి 18 పొద్దుటికి లింగంపల్లిలో దిగుతాం.

బాబు మొదటి పుట్టినరోజుకి కేకు ఇంట్లోనే చేస్తానన్నావు. బేకరీలో రెండు కిలోలది చెప్పేస్తే పోయేదానికి ఇంత హైరానా ఎందుకని మీ నాన్న కసిరాడట. వాడి మాట పట్టించుకోకు. చిన్నప్పుడు నేను చేసిన మాడు కేకులన్నీ నోరెత్తకుండా తిన్నది వాడే. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నా.

మిఠాయిలు చేయడం నీకు బాగా వచ్చు. పోయిన సంక్రాంతికి నువ్వు సున్నుండలు చుట్టిన తీరు చూసి నేనే తెల్లబోయాను. నా భయం కూడా అదే. పిండివంటలు బాగా వచ్చినవాళ్లే కేకు దగ్గర బోల్తా పడతారు. మన మిఠాయి పొయ్యి మీద ఉన్నంతసేపూ మన మాట వింటుంది. పాకం ముదిరితే కాసిని నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తాం. లౌజు లూజుగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు తిప్పుతాం. కేకు అలా కాదు. టిన్ను లోపల పెట్టి తలుపు వేశాక నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. దిద్దుకోవలసిందంతా ముందే, కాటా మీదే దిద్దుకోవాలి.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. 1991లో మా పెద్దాడి ఐదో పుట్టినరోజుకి కుక్కర్లో కేకు పెట్టాను. గోదావరి ఇసుక కడిగి, ఎండబెట్టి, రెండంగుళాల మందాన అడుగున పరిచాను. విజిల్ తీశాను గానీ మూతలోని రబ్బరు తీయాలని తెలియదు. నీళ్లు లేని కుక్కరు కదా, వేడికి రబ్బరు కమిలి ఇల్లంతా కంపు. మైదా, పంచదార కాఫీ గ్లాసుతో కొలిచాను, అదీ నొక్కి నొక్కి. పైగా దోసెల పిండి గిలక్కొట్టినట్టు పావుగంట గిలక్కొట్టాను. ముప్పావు గంటకి మూత తీస్తే ఇటుక. మీ మావయ్య కత్తి పెట్టి, దిగక, సుత్తి ఏదని అడిగారు. ఆ నవ్వుకి ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకని ముందు ఒక డిజిటల్ కాటా కొను. మైదాని చెంచాతో వదులుగా కప్పులోకి పోస్తే 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి నొక్కితే 150 దాకా వస్తుంది. రెండు కప్పుల దగ్గర తేడా 60 గ్రాములు. కేకు పిడచకట్టుకుపోవడానికి అంత చాలు.

నాన్నమ్మ గుడ్డు ముట్టదు కాబట్టి పెరుగు కేకే చెయ్యి. ఏడంగుళాల గుండ్రటి టిన్నుకి మైదా 190 గ్రాములు, పంచదార 150, పెరుగు 240, వాసన లేని నూనె 120 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు చెంచాంపావు, వంటసోడా అర చెంచా, వెనిలా ఒక చెంచా. చెంచా అంటే కొలత చెంచా, మన కాఫీ చెంచా కాదు. పెరుగులో పంచదార పూర్తిగా కరగనివ్వు. తర్వాత పౌడరూ సోడా వేసి కలిపి ఐదు నిమిషాలు చూస్తూ ఉండు. పెరుగు బుసబుస పొంగి నురగ కడుతుంది. పెరుగులోని పులుపు సోడాకి తగిలి గ్యాసు పుట్టడమే అది. కేకుని పైకి లేపేది ఆ గ్యాసే కాబట్టి అక్కణ్ణించి ఆలస్యం చేయకూడదు. ఒవెన్ ముందే వేడెక్కి ఉండాలి, టిన్నుకి బటర్ పేపరు ముందే పరిచి ఉండాలి. నూనె, వెనిలా కలిపి, మైదా జల్లించి మూడు విడతలుగా వేసి, తెల్లపిండి కనబడకుండా పోయేదాకా గరిటెతో కిందనించి పైకి తిప్పు. అంతే, ఆపెయ్. ఇంకా కలిపావంటే మైదాలోని జిగురు సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. అక్కడక్కడ చిన్న ఉండలున్నా పరవాలేదు.

నీ ఓటీజీలో 180 డిగ్రీల మీద పావుగంట వేడి చేసి, మధ్య అరలో 30 నుంచి 35 నిమిషాలు. మీట మీద 180 ఉన్నంత మాత్రాన లోపల 180 ఉన్నట్టు కాదు. లోపల పెట్టే చిన్న థర్మామీటరు దొరుకుతుంది, తెచ్చుకో. మొదటి పాతిక నిమిషాలూ తలుపు తీయకు. నువ్వు తీయవు, మీ ఆయన తీస్తాడు, ఎలా ఉందో చూద్దామని. వంటింట్లోకి రానివ్వకు.

ముప్పైమంది వస్తారంటున్నావు కాబట్టి ఇలాంటివి రెండు కావాలి. రెండూ ఒకే టిన్నులో పోస్తే అంచులు మాడతాయి, నడుమ పచ్చిగా ఉంటుంది. ముందురోజు రాత్రే విడివిడిగా కాల్చి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్ము చుట్టి పెట్టుకో. పొద్దున్నే ఒకదానిమీద ఒకటి పెట్టొచ్చు.

ఇక క్రీము. మే నెలలో హైదరాబాదు ఎండ సంగతి నాకంటే నీకే తెలుసు. డబ్బాలో దొరికే మామూలు ఫ్రెష్ క్రీములో కొవ్వు పాతిక శాతం దగ్గరే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. ముప్పై శాతం దాటితేనే నిలుస్తుంది. బేకరీలవాళ్లు ఎక్కువగా వాడేది నూనెతో చేసిన విప్పింగ్ క్రీము. వేడికి కాస్త ఓర్చుకుంటుంది గానీ, నాకు నచ్చదు, నాలుక మీద మైనం రాసినట్టుంటుంది. ఏది తెచ్చినా గిన్నె, బీటరు బ్లేళ్లు ఫ్రిజ్‌లో పెట్టి, కింద ఐసుముక్కల పళ్లెం ఉంచి గిలక్కొట్టు. మూడంతస్తులు, గులాబీలు, పేరు రాయడం ఈసారికి వద్దు. రెండు పొరల మధ్యనా పైనా పలచగా క్రీము రాసి, బంగినపల్లి మామిడి ముక్కలు పేర్చు. ముక్కల్ని గుడ్డమీద వేసి తడి అద్ది, కోసే ముందు మాత్రమే పెట్టు. ముందే పెడితే రసం కారి క్రీము జారిపోతుంది. కేకుని ఫ్రిజ్‌లోంచి జనమంతా కూర్చున్నాకే తియ్యి.

బాబుకి క్రీము వద్దు, మామిడి గుజ్జు నాకించు చాలు. కొవ్వొత్తి ఆర్పించడం నాన్నమ్మకి గిట్టదు, తెలుసుగా. పక్కన కుందిలో దీపం వెలిగించి బాబు చేత దణ్ణం పెట్టించు, గొడవ ఉండదు.

పంచిపెట్టడానికి చాక్లెట్లు కొనకు. కొబ్బరి లౌజు చెయ్యి. రెండు కప్పుల కొబ్బరి కోరుకి ఒక కప్పు బెల్లం తరుగు. బెల్లంలో నలకలు ఉంటాయి కాబట్టి కాసిని నీళ్లతో కరిగించి వడకట్టి, తీగపాకం రాగానే కోరు వేసి సన్నసెగ మీద తిప్పు. మొదట నీళ్లగా, తర్వాత ముద్దగా, చివరికి గరిటెని పట్టుకుని బాణలి అంచుల్ని వదిలేస్తుంది. అప్పుడు ఏలకులు, నెయ్యి వేసి దింపి, వేడి మీదే ఉండలు చుట్టెయ్. ఇక్కడ కాటా అవసరం లేదు, నీ కన్నే కాటా. ఎంతసేపని అడిగితే నేనూ చెప్పలేను.

పైఫ్లాటు వాళ్లు ఇప్పటినుంచే ఆర్డర్లు అడుగుతున్నారన్నావు. నీ కేకు పది సార్లు వరసగా ఒకేలా రానీ, అప్పుడు చూద్దాం. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో నమోదు తప్పనిసరి, ఆ పని ముందు కానివ్వు.

ఈ లోపల ఒక్కసారైనా చేసి చూడు. మొదటిది పాడైతే కంగారు పడకు, ముక్కలు చేసి పాలలో నానబెట్టి పైన మామిడిపండు వేసి పెడితే మీ ఆయన కనిపెట్టలేడు. కాటా కొన్నావో లేదో, మొదటి కేకు ఎన్ని నిమిషాలకి కాలిందో ఆదివారం లోపు ఫోన్ చేసి చెప్పు.

మీ
అత్తయ్య