‘కమిట్‌మెంట్ లేదు’ అంటే ఏది లేనట్టు?



పేరెంట్స్ మీటింగులో మేము తరచూ అనే మాట ఒకటుంది: ‘మీ బాబుకి కమిట్‌మెంట్ లేదండీ.’ మీరు తలూపుతారు, ఇంటికెళ్ళి కోప్పడతారు. ఏది లేదన్నామో మీరు అడగరు, మేమూ చెప్పం.

ఈ ఒక్క మాటతో మనం చాలా పనులు చేయించుకుంటున్నాం. ‘ఆయనకి కమిట్ అయిపోయాను’ అంటే మాట ఇచ్చేశానని. ‘ఈ నెల కమిట్‌మెంట్లు ఎక్కువ’ అంటే ఈఎంఐ, చీటీ, స్కూలు ఫీజు. ‘కమిట్‌మెంట్ ఉన్న మనిషి’ అంటే విసుగొచ్చినా పని వదలనివాడు. మాట, బరువు, పట్టుదల. మూడూ ఒకటి కావు.

మన స్టేషన్ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైనునే చూడండి. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపుతామని మన దేశం 1960లో ఒప్పందం చేసుకుంది. అది మాట. ఖనిజం రేవుకి చేరాలంటే కొండల్లో లైను వేయక తప్పదు. ఆ బరువు రైల్వే నెత్తిన పడింది. 58 సొరంగాలు తొలిచి, సుమారు 445 కిలోమీటర్ల దారి వేసినవాళ్ళది పట్టుదల. సంతకం పెట్టినవాళ్ళు వేరు, రాయి కొట్టినవాళ్ళు వేరు. రాయి కొట్టినవాళ్ళకి కూలైనా ముట్టింది!

మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది. ఆరో తరగతిలో ఫౌండేషన్ కోర్సుకి సంతకం పెట్టింది మీరు, ఫీజు మోస్తున్నదీ మీరే. పట్టుదల మాత్రం పిల్లలు చూపించాలి. వాళ్ళు ఎవరికీ మాట ఇవ్వలేదు. ‘నీ కోసం ఇంత కడుతున్నాం’ అన్నప్పుడల్లా వాళ్ళకి వినపడేది అప్పు. అప్పు భయంతో చదివే పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. మార్కులూ వస్తాయి. పరీక్ష అయిన సాయంత్రమే పుస్తకం మూసేస్తారు.

తప్పు మాలోనూ ఉంది. ‘నాలుగు రోజులుగా హోంవర్క్ తేలేదు’ అని చెప్పాల్సిన చోట ఆ పెద్ద మాట వాడేస్తాం. ఈసారి మీటింగులో అది వినపడితే ‘ఏ పని, ఎన్నాళ్ళుగా?’ అని మమ్మల్ని నిలదీయండి.

ఇంట్లో పిల్లల్నీ ఒకటి అడగండి: ఈ నెలలో తమంతట తాము ఏం చేస్తామని మాటిస్తారో. రోజుకి ఐదు లెక్కలు అనొచ్చు, చెల్లికి సైకిల్ నేర్పుతాననొచ్చు. సైకిల్ అన్నా సరే, ఒప్పుకోండి.