ఎముకలో లేచే కంతులు

ఎముక ఎండుకట్టెలా గట్టిగా ఉన్నా అది జీవం లేని వస్తువు కాదు. అందులోని కణాలు పాత ఎముకను తొలగిస్తూ, కొత్త ఎముకను కడుతూ ఉంటాయి. ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే ఏర్పడే ముద్దనే కంతి అంటాం. అయితే కంతులన్నీ ఒకటి కావు.

పెద్దాపురంలో ఒకే బడిలో చదివే ఇద్దరికి మోకాలి దగ్గర కంతి లేచిందనుకుందాం.

పిల్లవాని కంతి రాయిలా గట్టిగా ఉంది. నొప్పి లేదు. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగింది. ఎక్స్‌రేలో దాని అంచు స్పష్టంగా కనిపించింది. ఇది ఆస్టియోకాండ్రోమా. ఎముక మీద మొలిచి, మృదులాస్థిని టోపీలా పెట్టుకున్న బుడిపె ఇది. పిల్లవాని ఎదుగుదల ఆగితే సాధారణంగా ఇదీ ఆగిపోతుంది. నరాన్నో, రక్తనాళాన్నో నొక్కి బాధపెడితే తప్ప తీసివేయనక్కరలేదు. ఇది నిరపాయకరమైన కంతి.

రెండవది ఒక అమ్మాయి. ఆమెకు రాత్రిళ్ళు కూడా నొప్పి. వాపు కొద్ది వారాల్లోనే పెరిగింది. ఎక్స్‌రేలో అంచు చెదిరిపోయి, కొత్త ఎముక సూర్యకిరణాల్లా బయటికి చిమ్మినట్లుంది. ఇది ఆస్టియోసార్కోమా అనే ఎముక కాన్సరు కావచ్చు. అది పక్కనున్న కండరంలోకి చొరబడుతుంది. రక్తం వెంట ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుకే డాక్టర్లు చిన్న ముక్క తీసి, సూక్ష్మదర్శినితో పరీక్షించి నిర్ధారిస్తారు.

ఆటలో తగిలిన దెబ్బే దీనికి కారణమని ఇంట్లోవాళ్ళు అనుకోవచ్చు. దెబ్బ వల్ల కాన్సరు పుట్టదు. అప్పటికే ఉన్న వాపు మన కంటబడుతుంది, అంతే. నూనెతో మర్దన చేస్తూ, కట్లు కట్టిస్తూ నెలలు గడపడమే అసలు ప్రమాదం.

ఒకప్పుడు కాలు తీసివేసినా చాలామంది బ్రతికేవారు కారు. కాన్సరు కణాలు అప్పటికే ఊపిరితిత్తుల్లో దాగి ఉండేవి. ఈ స్థితిని మార్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల దీన్ని తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ ఆమ్లం వేషంలో కణంలోకి దూరి, చీలికను ఆపుతుంది. సుబ్బారావు గారు 1948లో మరణించారు. 1970లలో డాక్టర్లు ఈ మందును పెద్ద మోతాదుల్లో ఎముక కాన్సరుకు వాడసాగారు. మందులూ, శస్త్రచికిత్సా కలిసిన నేటి వైద్యంతో, వ్యాధి వ్యాపించకముందే వచ్చిన ప్రతి 10 మందిలో 6, 7 గురు కోలుకుంటున్నారు. చాలామందికి కాలు కూడా దక్కుతోంది.

కనుక వాపు పెరుగుతున్నా, నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా దాచకండి. పెద్దలకు చెప్పి, ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి. అది ఏ రకం కంతో తేల్చవలసింది డాక్టరే.