6174 – ఒక మాస్టారి చాదస్తం

రాత్రిళ్లు నక్షత్ర పటం పట్టుకుని హాస్టలు మేడ ఎక్కేవాడు మనకు ‘సిద్ధాంతి గారు’. పాత శాసనాల లిపి కూడబలుక్కునేవాడు ‘శాసనాల్రావు’. పరీక్షలో రాని లెక్కతో కుస్తీ పట్టేవాడికి ‘పుస్తకాల పురుగు’ అన్న బిరుదు ఉండనే ఉంది. పేర్లు పెట్టడంలో విద్యార్థి లోకాన్ని మించినవారు లేరు. నవ్వి ఊరుకుంటే ఇబ్బంది లేదుగానీ, ఆ పేరుకు జడిసి పటాన్ని పెట్టె అడుగున దాచేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి వారు తెలుసుకోదగిన మనిషి దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

ఈయన 1905లో నేటి మహారాష్ట్రలోని దహానులో జన్మించారు. పూనా ఫెర్గుసన్ కాలేజీలో చదివేటప్పుడు 1927లో గణితంలో రాంగ్లర్ పరాంజపే బహుమతి అందుకున్నారు. 1929లో బి.యస్‌సి. పైచదువు అంతటితో సరి. 1930 నుంచి 1962లో రిటైరయ్యేదాకా నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. అంకెలతో ఆడుకోవడమే ఆయన వ్యసనం.

45ను 45తో హెచ్చిస్తే 2025. దాన్ని నడిమికి విరిచి 20, 25 కూడండి, మళ్లీ 45! 297 వర్గం 88209. 88, 209 కలిపితే 297. ఇటువంటి వాటిని ఇప్పుడు కాప్రేకర్ సంఖ్యలంటారు.

1949లో ఆయన కనిపెట్టినది ఇంకా వింత. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకుంటే చాలు. అంకెలను పెద్దనుంచి చిన్నకు ఒకసారి, చిన్ననుంచి పెద్దకు ఒకసారి పేర్చి తీసివేయండి. వచ్చినదానితో మళ్లీ అలాగే. మనందరికీ గుర్తుండే 1947తో చూద్దాం:

9741 – 1479 = 8262
8622 – 2268 = 6354
6543 – 3456 = 3087
8730 – 0378 = 8352
8532 – 2358 = 6174

ఇక 7641లోంచి 1467 తీసేసినా 6174 తప్ప మరొకటి రాదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతలు దాటకుండా ఇక్కడికే చేరతాం. మధ్యలో వచ్చే సున్నలను మాత్రం వదలకూడదు సుమా!

ఆనాటి మన గణిత పండితులు చాలామంది దీన్ని పిల్లలాట కింద కొట్టిపారేశారు. వారి మాట పూర్తిగా తప్పూ కాదు. దీనివల్ల గణితశాస్త్రం తలకిందులేమీ కాలేదు. అయితే ఆటగా మిగిలిపోతే వచ్చిన నష్టమేమిటి? పెద్ద పత్రికల్లో చోటు దొరక్కపోయినా కాప్రేకర్ చిన్న పత్రికల్లో రాశారు, చాలావాటిని సొంతంగా అచ్చువేసుకున్నారు. 1975 మార్చిలో మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో రాసిన తర్వాతే ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. అప్పటికి ఆయన రిటైరై పదమూడేళ్లు. ఆ ఖ్యాతి కంటే, 1949కీ 1975కీ నడుమ ఎవరి మెప్పూ లేకుండా లెక్కలు వేసుకున్న ఇరవై ఆరేళ్లే నాకు పెద్దవిగా తోస్తాయి. 1986లో మరణించేదాకా ఆ వ్యసనం ఆయన్ని విడవలేదు.

మూడంకెలతో ఇదే పద్ధతిలో పోతే 495 దగ్గర ఆగుతుంది. రెండంకెలతో అసలు ఆగనే ఆగదు: 09, 81, 63, 27, 45, మళ్లీ 09. ఎందుకంటారు?